బోర్లించి చూసే మిసెస్ టోలెఫ్సన్

వర్నా టోలెఫ్సన్ చేతికి ఏ వస్తువు ఇచ్చినా ముందు దాన్ని బోర్లించి అడుగు చూస్తుంది. కప్పు ఇస్తే కప్పు, గడియారం ఇస్తే గడియారం. ఒకసారి చర్చిలో ఎవరో ముద్దుకొద్దీ పసిబిడ్డను చేతికిస్తే, తల్లి అడ్డుపడబట్టి సరిపోయింది గానీ, ఆవిడ చేతులు అటువైపు కదలడం కళ్లారా చూశామని అక్కడున్నవాళ్లు ఇప్పటికీ బైబిల్ మీద చెయ్యివేసి చెబుతారు.

అడుగున ఏముంటుంది? తయారుచేసిన కంపెనీ పేరుంటుంది. ఆ కంపెనీని కన్నతల్లి ఏ కంపెనీ, ఆ తల్లికి అక్కచెల్లెళ్లెవరు, వాళ్లలో ఎవరైనా ఎప్పుడైనా అణుబాంబుకు కనీసం ఒక ఇనుప మేకైనా అమ్మారా అన్నది ఆవిడకు కావాలి. పెళ్లి సంబంధాలు చూసేవాళ్లయినా ఏడు తరాల దగ్గర అలసిపోయి మజ్జిగ అడుగుతారు. ఆవిడకు అలసట తెలియదు.

దీనికంతటికీ కారణం పోర్ట్ మార్లో పట్టణం. కాలిఫోర్నియా ఒడ్డున చేపల పడవలూ పొగమంచూ తప్ప మరేమీ లేని ఆ ఊరి మీద బాంబు వేయాలని ఏ శత్రువుకూ కలలో కూడా తోచి ఉండదు. అయినా ఆ ఊరు ఓట్లు వేసుకుని మరీ తనను తాను అణురహిత మండలంగా ప్రకటించుకుంది. ఆ వార్తకు మాస్కోలో ఎవరైనా వణికారో లేదో తెలియదు. సిటీ హాలులో సరుకుల కొనుగోళ్లు చూసే మానీ ఫారియా మాత్రం వణికాడు.

ఎందుకంటే ఆ చట్టం రాసింది మిసెస్ టోలెఫ్సన్. దాన్ని అమలుచేసే కమిటీకి అధ్యక్షురాలూ ఆవిడే. సిటీ డబ్బుతో అణ్వాయుధాల కంపెనీల సరుకు కొనకూడదు. అణుధార్మిక పదార్థం ఏదీ సిటీ ఆస్తిగా ఊరి పొలిమేర లోపల ఉండకూడదు. చట్టంలో ఉన్నవి ఈ రెండు ముక్కలే. పైగా ఆవిడ హైస్కూల్లో ఊరందరికీ వంట నేర్పి రిటైరైన పంతులమ్మ. మేయరూ, పోలీసు అధికారీ, పాస్టరూ అందరూ ఆవిడ ముందు ఆప్రాన్ కట్టుకుని నిలబడ్డవాళ్లే. మానీ అయితే ఆవిడ క్లాసులో వైట్ సాస్ మాడబెట్టాడు. అది జరిగి పాతికేళ్లు దాటింది. మానీ మరిచిపోయాడు. ఆవిడ మరిచిపోలేదు.

చట్టం వచ్చిన కొత్తలో పొలిమేరల్లో బోర్డులు పెట్టాలన్నారు. రేకు బోర్డులు తెప్పిస్తే ఆవిడ బోర్లించి చూసింది. ఆ రేకు కంపెనీ క్షిపణులకు తొడుగులు చేస్తుందని తేలింది. సరే, చెక్క బోర్డులు పెట్టారు. వడ్రంగిపిట్టలు ఏ కక్షతోనో సరిగ్గా 'రహిత' అన్న మాట ఉన్నచోటే పొడిచి పొడిచి తినేశాయి. 'అణు మండలానికి స్వాగతం' అన్న బోర్డు చూసి ఆ వేసవిలో వచ్చిన యాత్రికులు కార్లు వెనక్కి తిప్పి వెళ్లిపోయారు.

తర్వాత కాగితం. కాగితం కంపెనీ తన అడవిలో కొంత ముక్కను సైన్యానికి అద్దెకిచ్చిందట. వేరే కాగితం దొరికేదాకా సిటీ హాలు ఉత్తరాలన్నీ మాంసం కొట్టువాడు పొట్లాలు కట్టే కాగితం మీద టైపు చేశారు. నీటిపన్ను నోటీసులు పంచే పోస్టుమాన్ వెనక ఊళ్లో కుక్కలన్నీ ఊరేగింపుగా నడిచేవి. కొన్ని ఇళ్లలో నోటీసు యజమాని చేతికి చేరకముందే కుక్క తినేసేది. కుక్క తిన్న పన్ను కట్టక్కర్లేదని ఒకాయన కోర్టుకు కూడా వెళ్లాడు.

అన్నిటికన్నా పేరుకెక్కింది మేయర్ రస్సెల్ హోల్కాంబ్ కుర్చీ. తోలు కుర్చీ, తిరిగే కుర్చీ, వెనక్కి వాలితే కిటికీలోంచి సముద్రం కనిపించే కుర్చీ. ఆయన దానిలో కూర్చుని ఫోన్లో మాట్లాడుతుండగా మిసెస్ టోలెఫ్సన్ లోపలికి వచ్చింది.

"రస్సెల్, లే."

"ఒక్క నిమిషం, మిసెస్ టోలెఫ్సన్. గవర్నర్ ఆఫీసు వాళ్లు లైన్లో ఉన్నారు."

లేవడానికి ఆయన ఆలస్యం చేశాడు. బోర్లించడానికి ఆవిడ ఆలస్యం చేయలేదు.

కుర్చీ కంపెనీ పెద్దన్న బాంబర్ విమానాలకు సీట్లు కుడతాడని తేలింది. ఆనాటినుంచి మేయర్ గారు చర్చి నుంచి అరువు తెచ్చిన మడతకుర్చీలో కూర్చుని పరిపాలిస్తున్నాడు. ఆ కుర్చీ మీద కూర్చుంటే ఏ నిర్ణయమైనా అయిదు నిమిషాల్లో తీసుకోవాల్సి వస్తుంది గనక ఊరికి మేలే జరిగిందనేవాళ్లూ ఉన్నారు. మేయర్ గారు మాత్రం ఆ కక్ష కడుపులో దాచుకున్నాడు.

ఇక అసలు గొడవ పొగ అలారాలది.

ఊరి చివర కొండచరియ మీద సిటీ కట్టిన వృద్ధుల నివాసం ఒకటుంది. సీగల్ హౌస్ అంటారు. ప్రతి గదిలో పొగ అలారం ఉండాలని రాష్ట్రం కొత్తగా నియమం పెట్టింది. మానీ ఈసారి ముందే జాగ్రత్తపడ్డాడు. కంపెనీ తల్లినీ, అమ్మమ్మనూ, మేనత్తనూ విచారించి, ఎవరూ బాంబుల జోలికి పోలేదని తేల్చుకుని లారీడు అలారాలు తెప్పించాడు. జన్మలో మొదటిసారి మిసెస్ టోలెఫ్సన్‌ను ఎదురెళ్లి పిలిచాడు.

ఆవిడ ఒకటి తీసి బోర్లించింది. కళ్లజోడు ముక్కు చివరికి జారింది.

"మానీ, ఈ మూడు రెక్కల గుర్తేమిటి?"

"పంకా గుర్తేమోనండి."

"పంకా గుర్తు కాదు. కింద చీమంత అక్షరాల్లో ఉంది, చదువు. అమెరీషియం. అణుధార్మిక పదార్థం."

"చిటికెడు కూడా ఉండదండీ. పొగను పసిగట్టడానికి పెడతారట. అందరిళ్లలోనూ ఉన్నవే."

"వైట్ సాస్ కూడా చిటికెడే మాడిందన్నావు నువ్వు."

మరో రకం అలారం ఉంది, వెలుతురుతో పొగను పట్టేది. దాన్ని తెప్పించి చూస్తే, ఆ కంపెనీ వాళ్ల అమ్మమ్మ క్షిపణులకు కళ్లు అమరుస్తుందట. ఒకదానికి కడుపులో అణువు, ఇంకోదానికి వంశంలో అణువు. ప్రపంచంలో మూడో రకం లేదు.

అంతటితో అయిపోలేదు. చట్టం ప్రకారం ఆ లారీ ఊళ్లో నిలబడకూడదు. పొలిమేర దాటిస్తే పక్క ఊరివాళ్లు, "మీ బాంబులు మా నెత్తినెందుకయ్యా" అని వెనక్కి తోలారు. చివరికి చెక్క బోర్డుకు బారెడు అవతల, ఎవరిదీ కాని రోడ్డు పక్కన లారీని ఆపారు. సిటీ ఆస్తికి కాపలా ఉండాలి కాబట్టి మానీ తన బల్లనూ టైపు మెషీనునూ అక్కడికే మోసుకెళ్లి, పొగమంచులో కూర్చుని ఆఫీసు నడిపాడు. మధ్యాహ్నానికి కాగితాల మీద సీగల్ పక్షులు సంతకాలు పెట్టి పోయేవి. వాటి సంతకాలు మేయర్ సంతకంకన్నా స్పష్టంగా ఉండేవని గిట్టనివాళ్లు అంటారు.

ఇంతవరకూ ఊరంతా నవ్వుకుంది. అప్పుడు రాష్ట్రం నుంచి అగ్నిమాపక ఇన్‌స్పెక్టర్ కబురొచ్చింది. నెలాఖరులోగా అలారాలు లేకపోతే సీగల్ హౌస్ మూసేస్తారు. అక్కడి వృద్ధులను లోయలో, సముద్రానికి దూరంగా ఉన్న వేరే నివాసాలకు తలా ఒక దిక్కుగా పంచేస్తారు.

ఆ వృద్ధుల్లో మానీ చిన్నాన్న అమారో ఒకడు. అజోర్స్ దీవుల నుంచి వచ్చి జీవితమంతా ఈ తీరంలో వల వేసినవాడు. మానీ ఆయన్ని వాళ్ల పోర్చుగీసు అలవాటు ప్రకారం టియో అంటాడు. తల్లీతండ్రీ పోయాక మానీని పెంచింది ఆయనే.

"లోయలో ఏముంటాయిరా?" అన్నాడు టియో.

"ద్రాక్షతోటలుంటాయి, టియో."

"ద్రాక్షతోటకు పోటు వస్తుందా? పడవ వస్తుందా? కిటికీ తీస్తే వాసన వస్తుందా?"

"రాదు."

"అయితే నాకు తిండి సహించదు. ముందే చెబుతున్నా, తర్వాత చిక్కిపోయానని ఏడవకు."

మానీ నవ్వలేకపోయాడు.

కమిటీ బహిరంగ విచారణ పెట్టింది. మేయర్ గారు మడతకుర్చీలోంచి లేచి, మనసు నిండా వృద్ధుల మీద జాలితో ఒక సవరణ చదివాడు. "అవసరమని మేయర్ భావించినప్పుడు ఏ వస్తువుకైనా ఈ చట్టం నుంచి మినహాయింపు ఇవ్వవచ్చును." దాంట్లో అలారం అన్న మాటే లేదు. వృద్ధులన్న మాట అసలే లేదు. చదువుతున్నంతసేపూ ఆయన వెన్నెముక ఆ పాత తోలు కుర్చీని తలుచుకుని తనంతట తానే వెనక్కి వాలింది.

"కుదరదు," అంది మిసెస్ టోలెఫ్సన్.

మానీ లేచాడు. జన్మలో ఆవిడ ముందు గొంతు పెంచినవాడు కాదు.

"మీరు ఇన్నేళ్లు ఈ ఊళ్లో ప్రతిదాని అడుగూ చూశారు. పైన ఉన్న మనుషుల్ని ఒక్కసారైనా చూశారా? మా టియోను లోయలో పడేస్తే ఆయన బతకడు. ఆ పాపం ఏ కంపెనీదని రాస్తారు?"

ఆవిడ బల్లమీదున్న కొయ్యసుత్తి తీసుకుని, అలవాటుకొద్దీ బోర్లించి చూసి, నెమ్మదిగా ఒక దెబ్బ వేసింది. విచారణ ముగిసింది.

మర్నాడు మానీ అట్టపెట్టెలు పట్టుకుని టియో సామాను సర్దడానికి సీగల్ హౌస్‌కు వెళ్లాడు. టియో పెనం మీద లింగ్విసా అనే పందిమాంసం సాసేజి వేయిస్తూ, వినపడనట్టు నటిస్తున్నాడు. మానీ టోస్టర్ తీసి పెట్టెలో పెట్టబోతూ, రొట్టె పొడి రాలుతుందని అలవాటుగా చొక్కా దూరంగా జరుపుకున్నాడు. ఒక్క రవ్వ రాలలేదు. ఆ టోస్టర్‌ను టియో జన్మలో శుభ్రం చేసినవాడు కాదు.

"ఇది కొత్తదా?"

"పాతదేరా. మీ పంతులమ్మ వారంవారం వచ్చి బోర్లిస్తుంది. కంపెనీ పేరు చూడాలట. మొదటిసారి బోర్లించినప్పుడు రాలిన పొడితో సీగల్స్ అన్నీ బలిసి ఎగరలేకపోయాయి."

"ప్రతివారం కంపెనీ పేరు మారుతుందా?"

"నేనూ అదే అడిగా. 'అమారో, కంపెనీలను నమ్మకూడదు, రాత్రికి రాత్రి చేతులు మారతాయి' అంది."

సరిగ్గా అప్పుడే ఇన్‌స్పెక్టర్ దిగాడు. మూసేముందు ఒకసారి చూసిపోదామని వచ్చిన మనిషి. పేరు డ్వైట్ కింబల్. నవ్వితే జీతం కోస్తారేమో అన్నంత గంభీరంగా గదిగదీ తిరిగాడు. హీటర్ తీగలన్నీ కొత్తవి. కర్టెన్లు స్టవ్వులకు దూరంగా పైకి కుట్టేసి ఉన్నాయి. ఇస్త్రీపెట్టెల ప్లగ్గులు బిగించి ఉన్నాయి. తిరిగేకొద్దీ ఆయన మొహం చిన్నబోయింది, తప్పు దొరకని ఉద్యోగి మొహం.

"ఇదంతా ఎవరు చేశారమ్మా?" అని ఒక ముసలావిడను అడిగాడు.

"అడుగులు చూసే ఆవిడ."

పక్కగదిలో అడిగాడు. "బోర్లించే ఆవిడ." ఆ పైగదిలో అడిగాడు. "మా హీటర్ మంచిది కాదని తీసుకుపోయింది. వాళ్లకు బాంబుల వాళ్లతో చుట్టరికమట. మర్నాడు అచ్చం అలాంటిదే తెచ్చిచ్చింది, తీగ మాత్రం కొత్తది. దీనికి చుట్టరికం లేదా అంటే, విడాకులు తీసుకున్నారంది."

కింబల్ టోపీ తీశాడు. "ఈ రాష్ట్రంలో ఇంత భద్రంగా ఉన్న బిల్డింగు నేను చూళ్ళేదు. కానీ అలారాలు లేకపోతే నా చేతుల్లో ఏమీ లేదు. సోమవారం వస్తాను."

మానీ మెట్లు దిగి బట్టలుతికే గదిలోకి వెళ్లాడు. అక్కడ మిసెస్ టోలెఫ్సన్ ఒక ముసలి హీటర్‌ను ఒళ్లో బోర్లాపడుకోబెట్టుకుని స్క్రూలు తిప్పుతోంది. చంటిపిల్లాడికి నూనె రాస్తున్నట్టుంది.

"ఇంత చేస్తున్నవారు ఆ సవరణ మీద సంతకం ఒక్కటీ పెట్టేయొచ్చు కదండీ," అన్నాడు. గొంతులో నిన్నటి కోపం వెతుక్కున్నాడు గానీ దొరకలేదు.

"పెడితే రస్సెల్ సవరణ చట్టమవుతుంది. మొదట అలారం వస్తుంది, వెనకాలే వాడి కుర్చీ వస్తుంది, కుర్చీ వెనకాల ఆ కంపెనీ వస్తుంది. ముసలివాళ్లను ముందు నడిపించి వెనక నక్కి వచ్చేవాళ్లను నేను చాలామందిని చూశాను. ఆ స్క్రూ ఇలా ఇవ్వు."

మానీ ఇచ్చాడు.

"మరి మా టియో?"

"మానీ, నా చట్టం ఎవరిని కట్టేస్తుంది?"

"సిటీని."

"మీ టియో సిటీయా?"

"కాదండీ, చేపలవాడు."

"చేపలవాడు తన సొంత వస్తువు తన గదిలో పెట్టుకుంటే అడ్డుకోమని ఎక్కడైనా రాశానా?"

"లేదు. కానీ అలారాలు సిటీవి కదా."

"లారీ ఎక్కడుంది?"

"పొలిమేర అవతల."

"సిటీకి పనికిరాని సరుకును ఎవరికైనా ఇచ్చేసే అధికారం ఎవరిది?"

"నాదే."

"ఊళ్లోకి రాకూడని సరుకు సిటీకి పనికొచ్చేదా, పనికిరానిదా?"

మానీ నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.

"మూసుకో, ఈగలు పోతాయి. ఆదివారం చర్చి అయ్యాక పొలిమేర అవతల అందరం కలిసి భోజనాలు చేస్తున్నాం. ఇక్కడున్న వాళ్లందరినీ బస్సులో తీసుకురా. తలా ఒక వంటకం తెచ్చుకోమను. నువ్వు మాత్రం ఏమీ వండకు."

ఆదివారం ఆ రోడ్డు పక్కన జరిగినటువంటి విందు ఆ తీరంలో మళ్లీ జరగలేదు. బీన్స్ గిన్నెలు, కేల్ ఆకు సూపు, టియో తెచ్చిన సాసేజిలు, తీపిరొట్టెలు. మిసెస్ టోలెఫ్సన్ ప్రతి గిన్నెనూ ముందు బోర్లించబోయి, మూత లేదని గుర్తొచ్చి, తల వంచి కిందనుంచి చూసింది. అంతకుముందొకసారి చర్చి విందులో నూడిల్స్ గిన్నెను బోర్లించి పాస్టర్ బూట్లకు వడ్డించిన అనుభవం ఆవిడకుంది. భోజనాలయ్యాక మానీ లారీ తలుపు తీశాడు. ఆవిడ ఆ సమయానికి సముద్రంలో ఏదో తిమింగలం కనపడిందని అటు తిరిగి కూర్చుంది. తిమింగలాలు వచ్చే కాలం కాదది. ఎంతసేపు అలారాలు పంచితే అంతసేపూ ఆవిడకు ఆ తిమింగలం కనపడింది.

వృద్ధులంతా తలా ఒక అల్లికసంచి పట్టుకుని బస్సెక్కారు. బస్సు సరిగ్గా చెక్క బోర్డు దగ్గరికి వచ్చేసరికి రోడ్డుకు అడ్డంగా మేయర్ రస్సెల్ నిలబడి ఉన్నాడు. ఎవరు చెప్పారో గానీ, పక్కన పత్రిక వాణ్ణి కూడా పెట్టుకున్నాడు. నేరుగా బస్సెక్కాడు.

"ఆ సంచుల్లో ఏమున్నాయి?"

"మిగిలిన రొట్టె," అన్నాడు టియో.

"నలుచదరపు రొట్టెలా?"

"నీ చిన్నప్పుడు ఆవిడ క్లాసులో నువ్వు చేసిన రొట్టెకన్నా నయమే."

బస్సంతా నవ్వింది. మేయర్ ఎర్రబడి ముందుసీట్లో కూర్చున్న ఆవిడ వైపు తిరిగాడు.

"మిసెస్ టోలెఫ్సన్, ఈ ఊళ్లో గిన్నెలు బోర్లించారు, గడియారాలు బోర్లించారు, గవర్నర్ లైన్లో ఉండగా నన్ను బోర్లించారు. ఆ సంచి కూడా బోర్లించండి. మీ చట్టం ఎంత గట్టిదో పత్రిక వాడు కూడా చూస్తాడు."

ఆవిడ చెయ్యి చాపింది. టియో సంచి ఇచ్చాడు. ఇస్తూ మానీ వైపు చూశాడు. మానీకి ఆ క్షణంలో లోయా, ద్రాక్షతోటలూ, మూసిన కిటికీ కనిపించాయి. ఆవిడ సంచిని ఒళ్లో పెట్టుకుంది. వేళ్లు అలవాటుకొద్దీ దాని అడుగుకు పోయాయి. అక్కడే ఆగాయి. పాపం, ఆ వేళ్లకు అదెంత కష్టమో చూసినవాళ్లకే తెలుసు. తాగుడు మానేసినవాడి చేతికి సీసా ఇచ్చినట్టు వణికాయి.

"రస్సెల్," అంది, "పెద్దవాళ్ల సంచులు సోదా చేయమని నేను ఏ చట్టంలోనూ రాయలేదు. అలాంటి చట్టం కావాలంటే నీ పేరు మీద ప్రవేశపెట్టు. ఈ పత్రికబ్బాయి రాసుకుంటాడు. రాసుకో నాయనా, హోల్కాంబ్ స్పెల్లింగులో 'కె' ఉండదు, 'సి' ఉంటుంది."

ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి. బస్సులో ఉన్నవాళ్లందరికీ ఓట్లున్నాయి. మేయర్ ఒకసారి సీట్లన్నిటినీ చూసి, తనకు రోడ్డు మీద ఏదో పని గుర్తొచ్చినట్టు దిగిపోయాడు. ఆవిడ సంచిని టియోకు తిరిగి ఇచ్చింది, ఎలా తీసుకుందో అలాగే, నిటారుగా.

ఆ సాయంత్రం మానీ నిచ్చెన వేసుకుని గదిగదికీ వెళ్లి, ఎవరి సొంత వస్తువును వాళ్ల సొంత కోరిక మీద పైకప్పుకు బిగించాడు. సోమవారం కింబల్ వచ్చి, అన్నీ చూసి, ఇవెలా వచ్చాయని అడగలేదు. అడిగితే జవాబు రాసుకోవాల్సి వస్తుందని ఆ ఉద్యోగంలో ముదిరినవాడికి తెలుసు. సంతకం పెట్టి, టియో ఇచ్చిన తీపిరొట్టె తిని, మొదటిసారి నవ్వి వెళ్లిపోయాడు.

టియో ఆ సంబరంలో కిటికీ మూసి, పెనం నిండా సాసేజి వేశాడు. పొగ పైకి లేచింది. పైకప్పుకున్న అలారం చెవులు చిల్లులు పడేలా కూత పెట్టింది. మానీ కుర్చీ ఎక్కి దాని నోరు ఎలా మూయాలో తెలియక తువ్వాలు విసురుతుండగా తలుపు తీసుకుని మిసెస్ టోలెఫ్సన్ వచ్చింది. పైకి చూడలేదు. తిన్నగా వెళ్లి కిటికీ తెరిచింది. సముద్రపు గాలి లోపలికి కొట్టింది.

"ఏమిటా చప్పుడు, మానీ?"

మానీ తువ్వాలు దించాడు. "కీచురాయండీ, మిసెస్ టోలెఫ్సన్."

"గొంతు గట్టిదే. ఎవరు తయారుచేశారు?"

"దేవుడండీ."

"ఆయన యుద్ధశాఖకు సరుకేమీ అమ్మడం లేదు కదా?"

టియో పెనం దించి ఒక నిమిషం ఆలోచించాడు. "ఆయన పేరు మీద అమ్మేవాళ్లు బోలెడుమంది ఉన్నారు గానీ, ఆయనైతే అమ్మడమ్మా."

"అయితే ఉండనీ," అంటూ ఆవిడ కుర్చీ లాక్కుని, భోజనానికి కూర్చుంది.